మక్కా, మదీనాల్లో ప్రైవేట్ జియారత్: ఏం చూడాలి, ఎలా కుదుర్చుకోవాలి, ఎక్కడ పొరబడతాం?

ఉమ్రాకు వెళ్లే కుటుంబాలు ట్రావెల్ ఏజెంట్‌ను అడిగే ప్రశ్నలు దాదాపు ఒకటే. హోటల్ హరమ్‌కు ఎంత దూరం? భోజనం మన వంటేనా? ఫ్లైట్ డైరెక్టా? ఇవన్నీ అడిగాక చివర్లో ఏజెంటే అంటాడు, "జియారత్ కూడా ఉంటుందండీ" అని. ఆ ఒక్క మాటతో విషయం అయిపోతుంది. ఏ స్థలాలు, ఎంతసేపు, ఎవరు చూపిస్తారు అని అడిగేవాళ్లు తక్కువ.

తీరా అక్కడికి వెళ్లాక, ఫజర్ తర్వాత ఒక పెద్ద బస్సు వస్తుంది. నలభై మందిని ఎక్కించుకుని నాలుగు గంటల్లో ఏడెనిమిది చోట్లు తిప్పేస్తుంది. మోకాళ్ల నొప్పులున్న అమ్మీ మెట్లు దిగేలోపే "ఎక్కండి, ఎక్కండి" అని పిలుపు వస్తుంది. ఉహుద్‌ను కిటికీలోంచే చూసి వచ్చిన పెద్దవాళ్లు మన ఊళ్లలో ఎందరో ఉన్నారు. మళ్లీ వెళ్తారో లేదో తెలియని ప్రయాణం అది.

అందుకే ఇప్పుడు చాలా కుటుంబాలు సొంతంగా కారు, గైడ్ కుదుర్చుకుంటున్నాయి. మంచిదే. కానీ ప్రైవేట్ అన్నంత మాత్రాన జియారత్ మంచిగా జరుగుతుందని లేదు. డబ్బు పెట్టి కొనుక్కునేది రెండే: సమయం, సరైన సమాచారం. ఆ రెండూ దక్కకపోతే అది ఖరీదైన టాక్సీ ప్రయాణమే.

జియారత్ స్థానం ఏమిటి?

మొదట తెలుసుకోవాల్సింది ఇది. చారిత్రక స్థలాల జియారత్ హజ్‌లోగానీ ఉమ్రాలోగానీ భాగం కాదు. ఉమ్రా అంటే ఇహ్రామ్, తవాఫ్, సయీ, తల వెంట్రుకలు తీయించుకోవడం. అంతే. గారె హిరా ఎక్కకపోతే ఉమ్రాలో లోపం రాదు, దమ్ పడదు. (హజ్‌లో ఫర్జ్ అయిన తవాఫె జియారత్ వేరు. పేరు ఒకటే కావడంతో కొందరు తికమక పడతారు.)

పుణ్యం ఆశించి ప్రత్యేకంగా ప్రయాణం కట్టాల్సిన మస్జిద్‌లు మూడే అని హదీసు: మస్జిదె హరామ్, మస్జిదె నబవీ, మస్జిదె అఖ్సా. మస్జిదె నబవీలో ఒక నమాజుకు మామూలు మస్జిద్‌లో వెయ్యి నమాజుల కంటే ఎక్కువ పుణ్యం, మస్జిదె హరామ్‌లో లక్ష నమాజుల పుణ్యం అని హదీసుల్లో ఉంది. కాబట్టి ఉదయం నుంచి రాత్రి దాకా కారులో తిరిగి హరమ్‌లో జమాత్ నమాజులు పోగొట్టుకోవడం నష్టపు బేరం. జియారత్‌కు సగం రోజు కేటాయించి, జుహర్‌కు హరమ్‌కు చేరేలా చూసుకోవాలి.

అలాగని జియారత్ వృథా కాదు. పుస్తకంలో చదివిన సీరత్ ఆ నేల మీద నిలబడితే మరోలా అర్థమవుతుంది. బఖీలో ఉన్నవారి కోసం, ఉహుద్ షహీదుల కోసం ప్రవక్త (స) స్వయంగా వెళ్లి దుఆ చేసేవారు. మస్జిదె ఖుబాకు శనివారం నాడు ఒక్కోసారి నడిచి, ఒక్కోసారి స్వారీ మీద వెళ్లేవారు. ఈ మూడూ సున్నత్ ఆధారం ఉన్న జియారత్‌లు. మిగతావి చరిత్ర తెలుసుకోవడానికి చూసే స్థలాలు. ఈ తేడా గైడ్ చెప్పకపోయినా ఇంటి పెద్ద పిల్లలకు చెప్పాలి.

మక్కాలో చూసేవి

జబలె నూర్, గారె హిరా: హరమ్‌కు ఈశాన్యాన ఉన్న కొండ, సముద్ర మట్టం నుంచి సుమారు 640 మీటర్ల ఎత్తు. క్రీ.శ. 610లో సూరె అలఖ్ మొదటి ఐదు ఆయత్‌లు అవతరించింది ఇక్కడే. ప్రవక్త (స) కొన్ని రోజులకు సరిపడా ఆహారం తీసుకెళ్లి, అయిపోతే ఇంటికి వచ్చి హజ్రత్ ఖదీజా (రజి) దగ్గర మళ్లీ తీసుకుని వెళ్లేవారు. కొండ ఎక్కిన తర్వాతే ఆ మాటలోని కష్టం తెలుస్తుంది. వెయ్యికి పైగా మెట్లు, ఆరోగ్యంగా ఉన్నవాళ్లకే గంట వరకు పడుతుంది. గుహ చాలా చిన్నది, ఇద్దరు ముగ్గురికి మించి పట్టరు. ఎక్కలేనివాళ్ల కోసం కొండ కింద 2023లో హిరా సాంస్కృతిక కేంద్రం తెరిచారు. అక్కడి వహీ ప్రదర్శనశాల పెద్దలకు, పిల్లలకు బాగుంటుంది.

జబలె సౌర్: హరమ్‌కు దక్షిణాన. క్రీ.శ. 622లో హిజ్రత్ సమయంలో ప్రవక్త (స), హజ్రత్ అబూబక్ర్ (రజి) మూడు రాత్రులు ఈ గుహలో ఉన్నారు. సూరె తౌబా 40వ ఆయత్‌లో ఈ ప్రస్తావన ఉంది. మదీనా ఉత్తరాన ఉంటే వీళ్లు దక్షిణానికి ఎందుకు వచ్చారు? వెతికేవాళ్లను తప్పుదారి పట్టించడానికి. మంచి గైడ్ కొండ ముందు నిలబెట్టి ఈ దిక్కుల సంగతే ముందు చెబుతాడు. ఎక్కడం హిరా కంటే కష్టం. చాలామంది కింది నుంచే చూస్తారు.

మినా, ముజ్దలిఫా, అరఫాత్: ఉమ్రాకు వెళ్లినవాళ్లు ఈ దారిలో ఒకసారి తిరిగి వస్తే హజ్ ఎలా జరుగుతుందో కళ్లకు కడుతుంది. అరఫాత్ హరమ్‌కు సుమారు 20 కి.మీ. మస్జిదె నమిరా హజ్ రోజుల్లో తప్ప సాధారణంగా మూసే ఉంటుంది, బయటి నుంచే చూడాలి. దారిలో జుబైదా కాలువ ఆనవాళ్లు కనిపిస్తాయి. అబ్బాసీ ఖలీఫా హారూన్ రషీద్ భార్య జుబైదా హాజీల నీటి కరువు తీర్చడానికి సొంత సొమ్ముతో తవ్వించిన కాలువ ఇది. ఒక మహిళ చేసిన ఈ పని వందల ఏళ్లు హాజీల దాహం తీర్చింది. బస్సు ఇక్కడ ఆగదు. ప్రైవేట్ కారు అయితే ఆపించుకోవచ్చు.

జన్నతుల్ ముఅల్లా: హజ్రత్ ఖదీజా (రజి) సమాధి ఉన్న ఖబ్రస్తాన్. హరమ్‌కు దగ్గరే. మహిళలు బయటి నుంచే సలాం చెప్పి దుఆ చేసుకోవాలి. పక్కనే మస్జిదె జిన్.

మదీనాలో చూసేవి

మస్జిదె ఖుబా: హిజ్రత్ తర్వాత కట్టిన మొదటి మస్జిద్. మస్జిదె నబవీకి దక్షిణాన సుమారు మూడున్నర కి.మీ. బసలోనే వుజూ చేసుకుని వెళ్లి ఇక్కడ నమాజు చేస్తే ఉమ్రా అంత పుణ్యం అని హదీసు. అందుకే కారెక్కే ముందు హోటల్లోనే వుజూ చేసుకోండి. నడవగలిగినవాళ్లకు రెండు మస్జిద్‌ల మధ్య నడక దారి ఉంది. దగ్గర్లోనే మస్జిదె జుమా. ఖుబా నుంచి మదీనాకు వస్తూ ప్రవక్త (స) మొదటి జుమా చదివించిన చోటు ఇది.

ఉహుద్: మస్జిదె నబవీకి ఉత్తరాన సుమారు 5 కి.మీ. హిజ్రీ 3లో ఇక్కడ 70 మంది సహాబాలు షహీద్ అయ్యారు. వారిలో ప్రవక్త (స) బాబాయి హజ్రత్ హంజా (రజి), హజ్రత్ ముస్అబ్ బిన్ ఉమైర్ (రజి) ఉన్నారు. ఖబ్రస్తాన్ ఎదురుగా కనిపించే చిన్న గుట్టే జబలె రుమాత్. హజ్రత్ అబ్దుల్లా బిన్ జుబైర్ (రజి) నాయకత్వంలో 50 మంది విలుకాండ్రను ఇక్కడే నిలబెట్టారు. గెలిచినా ఓడినా కదలొద్దని ఆజ్ఞ. గెలుపు కనిపించగానే చాలామంది కిందికి దిగారు, యుద్ధం తిరగబడింది. ఈ గుట్ట మీద ఐదు నిమిషాలు నిలబడి చుట్టూ చూస్తే, ఆ ఒక్క చోటు ఖాళీ అయితే ఏం జరుగుతుందో చిన్నపిల్లలకు కూడా అర్థమవుతుంది. ఉహుద్‌కు కనీసం ముప్పావు గంట కేటాయించాలి.

ఖందక్ ప్రాంతం: హిజ్రీ 5లో హజ్రత్ సల్మాన్ ఫార్సీ (రజి) సలహాతో కందకం తవ్వింది జబలె సల్అ దగ్గర. 'సబా మసాజిద్' పేరుతో పిలిచే చిన్న మస్జిద్‌లు, వాటితోపాటు ఇప్పుడు పెద్ద మస్జిదె ఖందక్ ఉన్నాయి. కందకం ఆనవాళ్లు కనిపించవు. కాబట్టి మ్యాప్ చూపించి చెప్పే గైడ్ కావాలి.

మస్జిదె ఖిబ్లతైన్: మదీనాకు వచ్చాక 16, 17 నెలలు బైతుల్ మఖ్దిస్ వైపు తిరిగి నమాజు చేశారు. హిజ్రీ 2లో కాబా వైపు తిరగాలని ఆజ్ఞ వచ్చింది. సూరె బఖరా 144వ ఆయత్‌లో ఆ సంగతి ఉంది. రెండు ఖిబ్లాల పేరు ఈ మస్జిద్‌కు అందుకే.

జన్నతుల్ బఖీ: మస్జిదె నబవీ పక్కనే. కారు, గైడ్ అవసరం లేదు. సాధారణంగా ఫజర్ తర్వాత, అసర్ తర్వాత పురుషులను లోపలికి వదులుతారు. మహిళలకు అనుమతి లేదు. సమాధుల మీద పేర్లు ఉండవు. హజ్రత్ ఉస్మాన్ (రజి), హజ్రత్ ఖదీజా, హజ్రత్ మైమూనా (రజి) తప్ప మిగతా ఉమ్మహాతుల్ మూమినీన్, ఎందరో సహాబాలు ఇక్కడే ఉన్నారు.

రియాజుల్ జన్నా: మస్జిదె నబవీ లోపలి ఈ భాగానికి నుసుక్ యాప్‌లో ముందే పర్మిట్ తీసుకోవాలి. అది ఉచితం. "నాకు డబ్బిస్తే పర్మిట్ ఇప్పిస్తా" అని ఎవరైనా అంటే నమ్మొద్దు. ఒకసారి వెళ్లొచ్చాక మళ్లీ పర్మిట్ దొరకడానికి గడువు ఉంటుంది. నియమాలు మారుతుంటాయి కాబట్టి బయలుదేరే ముందే యాప్ చూసుకోవాలి. మగవాళ్లకు, ఆడవాళ్లకు వేళలు వేరు. జియారత్ కారు మాట్లాడుకునే ముందే ఇంట్లో అందరి పర్మిట్ వేళలు రాసి పెట్టుకోండి. రెండూ ఒకే సమయంలో పడితే ఏదో ఒకటి పోతుంది.

తాయిఫ్, బద్ర్: మీఖాత్ మరిచిపోవద్దు

ప్రైవేట్ కారు తీసుకున్నవాళ్లు ఈ మధ్య తాయిఫ్, బద్ర్ కూడా వెళ్తున్నారు. ఎక్కువ పొరపాట్లు జరిగేది ఇక్కడే.

తాయిఫ్ మక్కా నుంచి రోడ్డు మీద 90 కి.మీ. దరిదాపు. ప్రవక్త (స) హజ్రత్ జైద్ బిన్ హారిసా (రజి)తో కలిసి దావత్ కోసం వెళ్లి రాళ్ల దెబ్బలు తిన్న ఊరు ఇది. ద్రాక్షపళ్లు తెచ్చి ఇచ్చిన అద్దాస్ సంఘటన కూడా ఇక్కడిదే. హజ్రత్ అబ్దుల్లా బిన్ అబ్బాస్ (రజి) పేరిట పెద్ద మస్జిద్ ఉంది. అయితే తాయిఫ్ మీఖాత్‌కు అవతల ఉంది. తిరిగి మక్కాకు వచ్చేటప్పుడు ఖర్నుల్ మనాజిల్ మీఖాత్ దాటాలి. హనఫీ ఫిఖ్హ్ ప్రకారం మీఖాత్ బయటి నుంచి మక్కాకు వచ్చేవారు ఇహ్రామ్‌లోనే రావాలి. ఉమ్రా నియ్యత్ ఉన్నవారికే ఇహ్రామ్ అవసరమని షాఫియీల వంటి ఇతరుల అభిప్రాయం. మన వైపు ఎక్కువమంది హనఫీలు. అందుకే ఉదయం బయలుదేరేటప్పుడే ఇహ్రామ్ బట్టలు కారులో పెట్టుకుని, వచ్చేటప్పుడు మీఖాత్ దగ్గర ఇహ్రామ్ కట్టుకుని, మక్కాలో ఉమ్రా చేసుకోవడం మంచిది. డ్రైవర్ "ఏం ఫరవాలేదు" అన్నాడని మామూలు బట్టలతో వచ్చేసి, ఆనక దమ్ గురించి ఆలిమ్‌ల చుట్టూ తిరగడం కంటే ఇదే సులువు.

అరఫాత్, జిఅరానా, తన్‌యీమ్ (మస్జిదె ఆయిషా) హరమ్ హద్దు బయట ఉన్నా మీఖాత్‌కు లోపలే ఉన్నాయి. అక్కడి నుంచి ఉమ్రా చేయాలనుకుంటేనే ఇహ్రామ్. చూసి రావడానికి అక్కర్లేదు.

బద్ర్ మదీనాకు నైరుతిన సుమారు 150 కి.మీ. హిజ్రీ 2, రంజాన్ 17న 313 మంది దరిదాపు ముస్లింలు మూడింతల సైన్యాన్ని ఎదుర్కొన్న చోటు. 14 మంది షహీద్ అయ్యారు. మదీనా నుంచి వెళ్లి మళ్లీ మదీనాకే వస్తే ఇహ్రామ్ సమస్య లేదు. అలా కాకుండా బద్ర్ మీదుగా మక్కా వెళ్లే పని అయితే, మదీనా వాళ్ల మీఖాత్ జుల్ హులైఫా (బీరె అలీ) దగ్గరే ఇహ్రామ్ కట్టుకోవాలా అన్నది ముందే ఆలిమ్‌ను అడిగి తేల్చుకోవాలి.

బేరం ఎలా కుదుర్చుకోవాలి?

గ్రూప్ బస్సుకు లెక్క తలకు. ప్రైవేట్‌కు లెక్క బండికి. ఇది పట్టుకుంటే ఏది లాభమో తెలుస్తుంది. లెక్క కోసం ఒక బండికి 280 రియాల్ అన్నారనుకుందాం. ఇద్దరే వెళ్తే తలకు 140. అదే ఏడుగురు ఎక్కే పెద్ద బండిలో ఏడుగురు వెళ్తే తలకు 40. కాబట్టి ఒకే హోటల్లో దిగిన రెండు కుటుంబాలు కలిస్తే ప్రైవేట్ భారం కాదు. రంజాన్‌లో, హజ్‌కు ముందూ వెనకా రేట్లు పెరుగుతాయి.

సౌదీలో టూర్ గైడ్‌గా పనిచేయాలంటే పర్యాటక శాఖ లైసెన్సు ఉండాలి. హోటల్ ముందు నిలబడి "జియారా, జియారా" అని పిలిచేవాళ్లందరికీ అది ఉండదు. చాలామంది డ్రైవర్లే, గైడ్‌లు కారు. డ్రైవర్ అయితే డ్రైవర్ రేటే ఇవ్వండి. గైడ్ అంటే బండి దిగి, మీతో నడిచి, వివరించేవాడు. ఎక్కే ముందు ఇవి తేల్చుకోండి, వీలైతే వాట్సాప్‌లో రాయించుకోండి:

- ఏయే స్థలాలు? ఎక్కడ దిగుతాం, ఎక్కడ బండిలోంచే చూస్తాం?
- ఒక్కో చోట ఎంతసేపు? మొత్తం గంటలు ఎన్ని? ఎక్కువైతే గంటకు ఎంత?
- రేటు బండికా, మనిషికా? పార్కింగ్, టిక్కెట్లు అందులోనే ఉన్నాయా?
- గైడ్ వేరుగా వస్తాడా, డ్రైవరే చెబుతాడా? ఏ భాషలో?
- వీల్‌చైర్ పెట్టే చోటు ఉందా? పిల్లలకు విడిగా సీటు ఉందా?
- ఖర్జూరం దుకాణం దగ్గర ఆపుతాడా? మీరు కోరితేనే ఆపాలని ముందే చెప్పండి. లేకపోతే ఉహుద్‌లో పావుగంట, దుకాణంలో ముప్పావు గంట అవుతుంది.
- డబ్బు మొత్తం ముందే ఇవ్వొద్దు. తిరిగి దింపాక మిగతాది ఇవ్వండి.

భాష సంగతి తేలిగ్గా తీసుకోవద్దు. మక్కా, మదీనాల్లో ఉర్దూ మాట్లాడే డ్రైవర్లు సులువుగా దొరుకుతారు. కానీ ఇంట్లో తెలుగే మాట్లాడే దూదేకుల కుటుంబాలకు, కోస్తా పల్లెల నుంచి వెళ్లే పెద్దలకు ఆ ఉర్దూ సగమే అర్థమవుతుంది. దీనికి తేలిక దారి ఒకటుంది. ఇంట్లో చదువుకున్న పిల్లలు ముందు రోజు రాత్రి తెలుగు సీరత్ పుస్తకంలో ఆ ఘట్టాలు చదివి, అక్కడ నానమ్మకు, తాతయ్యకు తెలుగులో చెప్పాలి. ఏ గైడూ అంత బాగా చెప్పలేడు.

గైడ్ చెప్పిందల్లా నిజమా?

జియారత్ గైడ్‌లలో మంచి పండితులూ ఉన్నారు, కథలు అల్లేవాళ్లూ ఉన్నారు. గారె సౌర్ దగ్గర సాలెగూడు, పావురాల కథ అందరూ చెబుతారు. ఆ రివాయత్‌ల బలం మీద హదీసు పండితుల్లో భిన్నాభిప్రాయాలు ఉన్నాయి. ఖుర్ఆన్‌లో ఉన్నది మాత్రం అల్లాహ్ తన ప్రశాంతతను దింపాడని, కంటికి కనిపించని సేనలతో సాయం చేశాడని. బఖీలో "ఇది ఫలానావారి ఖబర్" అని వేలు పెట్టి చూపించే మాటలు కూడా చాలావరకు తరాలుగా వింటూ వచ్చినవే.

అడగడానికి సిగ్గుపడొద్దు. "ఇది ఖుర్ఆన్‌లో ఉందా, హదీసులో ఉందా, చరిత్ర పుస్తకంలోనా, జనం మాటా?" అని మర్యాదగా అడిగితే మంచి గైడ్ సంతోషిస్తాడు. ఉహుద్ మట్టి రోగాలకు మందు అనేవాళ్ల మాట విని ఇంటికి మట్టి మూట కట్టుకోవద్దు. రాళ్ల మీద పేర్లు రాయడం, గుడ్డలు కట్టడం, చీటీలు పెట్టడం చేయొద్దు. అక్కడి అధికారులు ఆపుతారు, దీన్‌లోనూ దానికి ఆధారం లేదు.

పెద్దలు, పిల్లలు ఉంటే

వేసవిలో పగటి ఎండ 45 డిగ్రీల వరకు వెళ్తుంది. ఫజర్ తర్వాత వెంటనే బయలుదేరి పది, పదకొండు గంటలకల్లా గదికి చేరండి. నీళ్ల సీసాలు, గొడుగు, షుగర్ ఉన్నవాళ్లకు తినడానికి ఏదైనా, రోజూ వేసుకునే మందులు చేతి సంచిలో ఉండాలి. మెత్తటి బూట్లు వేసుకోండి, చెప్పులతో కొండ ఎక్కొద్దు. గుండె, మోకాళ్ల సమస్యలున్నవాళ్లను "ఇంత దూరం వచ్చాం కదా" అని కొండ ఎక్కించొద్దు. ఉమ్రాకు శక్తి మిగలడం ముఖ్యం.

అన్నీ ఒకే రోజు పెట్టుకోవద్దు. మక్కాలో ఒక ఉదయం అరఫాత్ దారి, హిరా కేంద్రం. మదీనాలో ఒక ఉదయం ఖుబా, ఉహుద్, ఖిబ్లతైన్. బఖీకి మరో రోజు అసర్ తర్వాత. ఇంతే పెట్టుకుంటే ఎవరూ అలసిపోరు. పది చోట్లు చూశామని లెక్క చెప్పుకోవడం కంటే, మూడు చోట్ల తీరిగ్గా నిలబడి సలాం చెప్పి, దుఆ చేసుకుని, అక్కడేం జరిగిందో మనవళ్లకు చెప్పగలగడం మేలు. బస్సు కిటికీలోంచి చూసిన అమ్మీకి అందనిది ఆ తీరికే. బండి బేరంలో అన్నిటికంటే ముందు మాట్లాడుకోవాల్సింది దాని గురించే.